విండోస్ మార్చాలా, అక్షరాలు మార్చాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ఆ మర్నాడు కంప్యూటర్లేమీ మూలపడలేదు. స్విచ్ వేస్తే ఎప్పట్లాగే వెలుగుతున్నాయి. కాకపోతే కొత్తగా బయటపడే కన్నాలకి మాట్లు వేసేవాళ్ళుండరు. కావాలంటే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా, భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇచ్చే పొడిగింపు ఒకటుంది. ఆ తర్వాత విండోస్ 11కి మారాలి, లేదా కొత్త కంప్యూటర్ కొనాలి, లేదా దేవుడి మీద భారం వెయ్యాలి.

హైదరాబాద్‌లో మా ఆఫీసులో దీని గురించి ఎవరూ అరనిమిషం ఆలోచించలేదు. ఒక శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ తీసుకున్నారు, సోమవారం ఇచ్చారు. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యకి జరిగింది. అంతే తేడా. కానీ పెనుగొండలో మా మావయ్య డీటీపీ షాపులో ఇదే ప్రశ్న ఏడాది నుంచి నలుగుతోంది. "అమ్మాయ్, మార్చమంటావా, ఆగమంటావా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం.

ఆయన కొత్తదంటే భయపడే మనిషి కాదు. సీసపు అక్షరాల ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటర్‌గా మొదలయ్యాడు. ప్రెస్సు మూతపడితే తణుకు వెళ్ళి డీటీపీ నేర్చుకున్నాడు. ఎక్స్‌పీ మీద పని చేశాడు, ఏడు మీద చేశాడు, పదికి మారాడు. ఇప్పుడు ఫోన్‌పే స్కానరు గల్లాపెట్టె పక్కనే ఉంది, పెళ్ళి కార్డు ప్రూఫు వాట్సాప్‌లోనే పంపుతాడు. ఇన్నిసార్లు మారినవాడు ఈసారి ఎందుకు ఆగాడన్నది నాకు ఆసక్తి కలిగించింది. కారణం ఆయనలో లేదు. ఆయన కంప్యూటర్లో ఉన్న తెలుగులో ఉంది.

*

తెలుగునాట చిన్న ఊళ్ళ డీటీపీ అంతా రెండు పేర్ల మీద నిలబడింది: పేజ్‌మేకర్, అను. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అదే దానికి ఆఖరి పెద్ద వెర్షన్, ఆ తర్వాత అడోబీ దృష్టంతా ఇన్‌డిజైన్ మీదికి పోయింది. అను అంటే తెలుగు ఖతులూ, వాటిని టైపు చేయడానికి వెనకాల నడిచే కీబోర్డు ప్రోగ్రామూ. అనుపమ, ప్రియాంక, పల్లవి... ఇవి ఎవరో అమ్మాయిల పేర్లనుకుంటారు బయటివాళ్ళు. మావయ్యకి అవి చేతివేళ్ళకి తెలిసిన అక్షరాలు. శుభలేఖకి ఏది నప్పుతుందో, పెద్దకర్మ కార్డుకి ఏది నప్పుతుందో కళ్ళు మూసుకుని చెప్తాడు.

ఈ ఖతులు పుట్టినప్పుడు ఒక్కో ఖతికి ఉన్నవి 256 గళ్ళే. అందులో చాలా గళ్ళు ఇంగ్లీషు అక్షరాల పేరు మీద ముందే రాసిపెట్టి ఉన్నాయి. మన గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వేలల్లో ఉంటాయి. అన్నిటికీ తలో గడి ఇవ్వడం కుదరదు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు: ఒంటి ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చోబెట్టారు. మీట నొక్కితే ముక్కలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి వచ్చి చేరతాయి. తెరమీద, కాగితం మీద చక్కటి తెలుగు. ఫైల్లో మాత్రం తెలుగు లేదు. అక్కడున్నది ఇంగ్లీషు అక్షరాలూ, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఐరోపా అక్షరాలూ కలిసిన గందరగోళం. ఖతి అనే కళ్ళజోడు ఉంటేనే అది తెలుగులా కనిపిస్తుంది. జోడు తీస్తే ఏమీ కాదు.

దీన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. 256 గళ్ళలో తెలుగుని పట్టించడం మామూలు తెలివి కాదు. ముప్పై ఏళ్ళపాటు మన పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు ఆ తెలివి మీదే బతికాయి.

యూనికోడ్ దారి వేరు. అందులో 'మ'కి ఒక సంఖ్య ఉంటుంది, ప్రపంచంలో ఇంకే అక్షరానికీ ఆ సంఖ్య ఉండదు. ఏ ఖతి వేసినా, ఏ కంప్యూటర్లో తెరిచినా అది 'మ'యే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్లోనే తెలుగుంది. 2001లో ఎక్స్‌పీతోపాటు గౌతమి ఖతి కూడా వచ్చింది. అంటే తెలుగు యూనికోడ్ మన ఇళ్ళలోకి అడుగుపెట్టిన ఏడాదే, దాని ఊసే తెలియని పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ కూడా వచ్చింది. షాపులు రెండోదాన్నే పట్టుకున్నాయి. ఎందుకంటే గౌతమితో శుభలేఖ వెయ్యలేరు. అచ్చుకి పనికొచ్చే రకరకాల యూనికోడ్ ఖతులు రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. సిలికానాంధ్ర, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి మండలి, రామభద్ర, సురవరం, పెద్దన లాంటివి ఉచితంగా ఇచ్చేసరికి మావయ్య దగ్గర ఎనిమిదేళ్ళ ఫైళ్ళు పేరుకుపోయాయి.

అమెరికాలోని తెలుగువాళ్ళు 1990లలో కంప్యూటర్ మీద తెలుగు రాసుకోవడానికి ఇంకో ఉపాయం పట్టారు. రైస్ యూనివర్సిటీ పేరు మీద ఆర్‌టీఎస్ అనే పద్ధతి. తెలుగుని మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒక నియమం ప్రకారం రాయడం. చూడ్డానికి అందంగా ఉండేది కాదు, అచ్చుకి పనికిరాదు. కానీ ఆ రోజుల్లో అలా రాసిన వాక్యం ఇవాళ కూడా చదవొచ్చు, ఒక్క క్షణంలో యూనికోడ్‌లోకి మార్చొచ్చు. అందంగా ఉన్న మన అనుపమ పేజీని తెరవాలంటే మాత్రం అనుపమే కావాలి, ఆ పాత పేజ్‌మేకరే కావాలి, అవి నడిచే విండోసే కావాలి.

*

ఇక మావయ్య కంప్యూటర్ సంగతి. 2016లో కొన్నది, ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్. విండోస్ 11 సాధారణంగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా అడుగుతుంది. కాబట్టి మారడమంటే కొత్త పెట్టె కొనడమే. పైగా విండోస్ 11లో 32-బిట్ రకం లేదు, ఉన్నది 64-బిట్ ఒక్కటే. 64-బిట్ విండోస్ పాత 32-బిట్ ప్రోగ్రాముల్ని నడుపుతుంది గానీ, 32-బిట్ డ్రైవర్లని, అంతకన్నా పాతవైన 16-బిట్ ప్రోగ్రాముల్ని లోపలికి రానివ్వదు. షాపులో ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసే లేజర్ ప్రింటరు ఉంది, దాని డ్రైవరు పాతది. కీబోర్డు ప్రోగ్రాం పాత కాపీ. విండోస్ 10 వేసినప్పుడే సర్వీసింగ్ కుర్రాడు రెండు రోజులు కూర్చుని ఏవేవో చేసి నడిపించాడు. ఏం చేశాడో అతనికీ గుర్తులేదు. ఆ కుర్రాడిప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు.

"మరి ఇలాగే ఉంచెయ్యొచ్చుగా?" అంటుంది అత్త.

ఉంచెయ్యలేం. ఆ కంప్యూటర్ మావయ్యది ఒక్కడిదే అయితే ఉంచెయ్యొచ్చు. రోజుకి ఎన్ని పెన్‌డ్రైవులు పెడతారో లెక్కలేదు. వాట్సాప్ వెబ్ పొద్దుటి నుంచి రాత్రిదాకా తెరిచే ఉంటుంది. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాసుపుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకాలు, డిగ్రీ పిల్లల మార్కుల లిస్టులు, అన్నీ ఆ డెస్క్‌టాప్ మీదే పడి ఉంటాయి. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లే తాళాలు పడిపోయాయి. అప్‌డేట్లు వేయని యంత్రాల్లోకి అది తేలిగ్గా దూరింది. మద్దతు ఎప్పుడో ఆగిపోయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు ఒక మాటు వేసి ఇవ్వాల్సి వచ్చింది. ప్రతిసారీ అలా ఇస్తారని లేదు. ఆధార్ కార్డు పట్టుకుని వచ్చే ముసలాయనకి ఈ సంగతులేవీ తెలియవు. ఆయన నమ్మి ఇచ్చింది మావయ్యకి.

అంటే మార్చకపోతే ఊళ్ళోవాళ్ళ కాగితాలకి ప్రమాదం, మారిస్తే ఊళ్ళోవాళ్ళ అక్షరాలకి ప్రమాదం.

*

ఒకసారి ఈ మాటల్లోనే మావయ్య వరి ప్రస్తావన తెచ్చాడు. మాకు మార్టేరు పక్కనే. స్వర్ణ అనే ఎంటీయూ 7029 రకం అక్కడి పరిశోధన కేంద్రంలో తయారై 1982లో విడుదలైంది. తర్వాత ఎన్నో కొత్త రకాలొచ్చాయి, అదే కేంద్రం నుంచే వచ్చాయి. అయినా రైతులు స్వర్ణని దశాబ్దాల తరబడి వదల్లేదు. ఇక్కడే కాదు, ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా వేశారు. దానికి ముంపు తట్టుకునే శక్తి లేదు. శాస్త్రవేత్తలు స్వర్ణని మానేయమని చెప్పలేదు. ముంపుని తట్టుకునే సబ్-1 జన్యువుని స్వర్ణలోకే తెచ్చారు. 2009లో స్వర్ణ సబ్-1 విడుదలైంది, నీళ్ళలో దాదాపు రెండు వారాలు మునిగినా బతుకుతుంది. గింజ అదే, అన్నం అదే.

"చూశావా, రైతు వేసే దాన్ని తీసెయ్యకుండా అందులోనే ఆ గుణం పెట్టి ఇచ్చారు. మీ కంప్యూటర్లవాళ్ళు అలా ఎందుకు చెయ్యరు?" అన్నాడు.

"చేస్తారు మావయ్యా, దాన్నే అప్‌డేట్ అంటారు. పదేళ్ళు చేసి ఇప్పుడు ఆపేశారు," అన్నాను.

కాసేపు ఊరుకుని, "స్వర్ణ విత్తనం మన గాదెలోనే కట్టుకుంటాం. మార్టేరు వాళ్ళు రేపు మానేసినా మన దగ్గర ఉంటుంది. ఈ విండోస్ విత్తనం ఎవరి గాదెలో ఉంది?" అన్నాడు.

దానికి నా దగ్గర ఉన్న సమాధానం లినక్స్. ఎవరైనా తీసుకోవచ్చు, దాచుకోవచ్చు, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది, యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్ళు దాన్ని తెలుగు మాటలతోనే తయారుచేశారు. ఇంట్లో వాడకానికి, పిల్లల చదువుకి నేను నిస్సంకోచంగా అదే చెప్తాను. మావయ్య షాపుకి చెప్పలేను. ఆయన వాడే పేజ్‌మేకర్ కాపీ, అను కాపీ రెండూ విండోస్ కోసమే చేసినవి. విత్తనం మనదైనా, పాత పంట దాని మీద పండదు.

అప్పుడు నాకు ప్రశ్న మారినట్టనిపించింది. ఏ విండోస్ అన్నది రెండో విషయం. మొదటిది, పాత ఫైళ్ళలో ఏవి మనతో రావాలి? దానికి సమాధానం దొరికితే విండోస్ సంగతి అదే తేలుతుంది.

*

ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు కనుమ మర్నాడు షాపు మూసి ఉండగా ఇద్దరం లెక్క వేశాం. 2004 నుంచి ఇప్పటిదాకా 6,400 పైచిలుకు ఫైళ్ళు. అనుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతాయి, ఎవరెవరో పుణ్యం కట్టుకుని చేసినవి. కానీ వాటి పని నూటికి నూరుపాళ్ళు ఉండదు. మధ్యలో ఇంగ్లీషు మాట ఉంటే దాన్ని కూడా ముక్కలనుకుని వింత తెలుగు చేస్తాయి. బండి ర, అరసున్న దగ్గర తడబడతాయి. లైను చివర విరిచిన మాట అతకదు. కాబట్టి ప్రతి ఫైలూ మనిషి చదవాలి. ఫైలుకి 20 నిమిషాలు వేసుకున్నా 2,100 గంటలు దాటుతుంది. షాపు పని చూసుకుంటూ రోజుకి 4 గంటలు కూర్చుంటే 530 రోజులు. విండోస్ 10కి పొడిగింపు తీసుకున్నా, మిగిలింది తొమ్మిది నెలలే.

సీసపు అక్షరాల రోజుల్లో ఈ బాధ లేదని మావయ్య అన్నాడు. పని అవగానే ఫారం విప్పేసి, అక్షరాల్ని మళ్ళీ కేసులో ఏ గడిది ఆ గడిలో సర్దేసేవాళ్ళు. దాచుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అచ్చయిన కాగితమే మిగిలేది, కాబట్టి కాగితాన్నే జాగ్రత్త చేసేవాళ్ళు. ప్రెస్సులో ప్రతి పనికీ ఒక నమూనా కాపీ ఊచకి గుచ్చి ఉండేదట. కంప్యూటర్ వచ్చాక "ఫైలుందిగా" అనే ధీమాతో ఊచ తీసేశారు.

ఫైళ్ళని మూడు పోగులు చేశాం. మొదటి పోగులో శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు. ఇవి మూడొంతులు. మళ్ళీ ఎవరూ అడగరు, అడిగితే కొత్తగా టైపు చేసుకోవచ్చు. వీటిని పీడీఎఫ్ చేసి వదిలేయడమే. పీడీఎఫ్‌లో ఖతి కూడా లోపలే ఉంటుంది కాబట్టి రూపం నిలుస్తుంది. అందులో మాట వెతకలేం, కాపీ చేస్తే మళ్ళీ ఆ గందరగోళమే వస్తుంది, చూపులేనివాళ్ళకి కంప్యూటర్ చదివి వినిపించలేదు. అయినా ఈ పోగుకి అది చాలు.

రెండోది పెద్దకర్మ కార్డులు. చిన్నవి, ఒక్కోటి ఐదు నిమిషాల పని. కానీ పేరు, ఊరు, తిథి, కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు అన్నీ అందులో ఉంటాయి. పెనుగొండ, సిద్ధాంతం, ఆచంట, ఇరగవరం చుట్టుపక్కల కుటుంబాల చరిత్ర ఇంత వరసగా ఇంకెక్కడా ఉండదు. ఎవరూ చరిత్ర అనుకుని రాయించలేదు కాబట్టే అది నమ్మదగ్గ చరిత్ర.

మూడో పోగు చిన్నది, నలభై ఫైళ్ళు కూడా లేవు. ఊళ్ళోవాళ్ళు సొంత డబ్బుతో వేయించుకున్న పుస్తకాలు. గుడి స్థలపురాణాలు, ఒకావిడ మంగళహారతుల సంకలనం, ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పద్యాలు. మాస్టారి పుస్తకం అచ్చు కాలేదు. 2011లో టైపు పూర్తయింది, రెండో ప్రూఫు దిద్దుతుండగా ఆయన పోయారు. చేతిరాత ప్రతి ఇంటివాళ్ళకి తిరిగి ఇచ్చాడు మావయ్య. ఆ ఇల్లు తర్వాత అమ్మేశారు, ఆ కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ 140 పద్యాలు ఈ భూమ్మీద ఉన్నది ఒక్క పేజ్‌మేకర్ ఫైల్లో, అనుపమలో. ఇన్నేళ్ళుగా మావయ్య "ఆగమంటావా" అని అడిగినప్పుడల్లా ఆయన మనసులో ఉన్నది ఈ ఫైలేనని నాకు ఆ రోజు తెలిసింది.

ముందు దాన్నే మార్చాం. కన్వర్టర్ ఒక్క నిమిషంలో పని ముగించింది. మేం చదవడానికి రెండు రోజులు పట్టింది. పద్యంలో ఒక్క దీర్ఘం పోయినా గణం విరుగుతుంది, అదే మాకు సాయం చేసింది. ఎక్కడ నడక కుంటితే అక్కడ తప్పుందన్నమాట. మావయ్య పైకి చదువుతూ ఉంటే నేను దిద్దాను. ఆయన సీసం కంపోజ్ చేసిన మనిషి, యతి తప్పితే చెవికి తెలిసిపోతుంది.

*

చివరికి తేలింది ఇది. విండోస్ 11తో కొత్త కంప్యూటర్ కొన్నాడు. ఆధార్లు, వాట్సాప్, పెన్‌డ్రైవులు, డబ్బు లావాదేవీలు అన్నీ దాని మీదే. పాత కంప్యూటర్‌కి నెట్ వైరు పీకేశాం, వైఫై తీసేశాం. అందులో పేజ్‌మేకర్, అను, పాత ప్రింటరు ఎప్పట్లాగే ఉంటాయి. కొత్త పెన్‌డ్రైవ్ ఒకటి కొని, మీద ఎర్ర ఇంకుతో 'పాతది' అని రాశాం. పాత పెట్టె నుంచి కొత్తదానికి ఫైళ్ళు మోయడానికి అదొక్కటే, బయటివాళ్ళది ఏదీ దానికి పెట్టకూడదు. ఆ యంత్రం ఎన్నాళ్ళుంటుందో అన్నాళ్ళే ఈ గడువు. హార్డ్‌డిస్క్ ఒక రోజు పోతుంది. అందుకే మొత్తం ఫోల్డర్‌కి రెండు కాపీలు తీశాం, ఒకటి హైదరాబాద్‌లో నా దగ్గరుంది. మాస్టారి పద్యాలు, మిగతా పుస్తకాలు యూనికోడ్‌లోకి వచ్చాక కాగితం మీద కూడా తీసి, ఒక కాపీ ఊరి లైబ్రరీకి, ఒకటి వాళ్ళవాళ్ళలో దొరికినవాళ్ళకి ఇస్తున్నాడు.

పెద్దకర్మ కార్డులు ఏడాదికేడాది వెనక్కి వెళ్తున్నాయి. 2021 ఫోల్డర్ పూర్తయిన రోజు రాత్రి మావయ్య ఫోన్ చేశాడు. వెతికే గడిలో మొదటిసారి తెలుగులో ఒక ఊరి పేరు కొట్టాడట. ఆ ఏడాది మే నెల కార్డులన్నీ వరసగా వచ్చాయట. కోవిడ్ రోజుల్లో షాపు అరతలుపు వేసుకుని, ఫోన్లో వివరాలు రాసుకుని చేసిన కార్డులు. కొన్నిటికి అచ్చువేసే వీలు లేక వాట్సాప్ బొమ్మగానే పంపాడు. "అప్పుడు ఒక్కోటీ చేశానే గానీ, ఇన్ని అని తెలియలేదు," అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు.

మీ తాతగారి పుస్తకమో, అమ్మమ్మ పాటల నోట్సో మీ ఊళ్ళో ఇలాంటి షాపులోనే ఎప్పుడో టైపు అయి ఉండొచ్చు. ఆ షాపు కూడా ఈ ఏడాది కంప్యూటర్ మారుస్తూ ఉంటుంది. పాత పెట్టెని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకముందు ఒకసారి వెళ్ళి అడగండి. పీడీఎఫ్ ఇస్తామంటే తీసుకోండి, దాంతోపాటు అసలు ఫైలూ, వాడిన ఖతి పేరూ అడిగి తీసుకోండి. పేరు తెలిస్తే తర్వాత ఎవరైనా మార్చగలరు. మావయ్య ఫోల్డర్లో 2006 నాటి ఫైళ్ళు కొన్నిటికి ఏ ఖతి వాడాడో ఆయనకే గుర్తులేదు. ఏదో హారతి పాట అని తెలుస్తోంది, ఎందుకంటే ప్రతి నాలుగు లైన్లకీ ఒకే గందరగోళం మళ్ళీ మళ్ళీ వస్తోంది. పల్లవి అయ్యుంటుంది. ఒక్కో పాత ఖతీ వేసి చూస్తున్నాం.